చీము ఆగింది, మంట ఆగలేదు: మళ్లీ మందులు వాడాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 31 ఏళ్లు. సీమంతం అయ్యాక నా భార్య కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. పాపకు ఇప్పుడు రెండో నెల. రెండు నెలల కిందట పని మీద వేరే ఊరు వెళ్లినప్పుడు ఒకామెతో కండోమ్ లేకుండా ఒకసారి కలిశాను. నాలుగో రోజుకి మూత్రంలో విపరీతమైన మంట, పచ్చటి చీము. ఒక డాక్టర్ దగ్గర ఇంజెక్షన్, అజిత్రోమైసిన్ తీసుకున్నాను. రెండు రోజుల్లో చీము ఆగిపోయింది. కానీ ఏడు వారాలైనా అంగం చివర చురుకుమంటోంది, తడిగా ఉన్నట్టు అనిపిస్తోంది. బీజాల కింద ఒక రకమైన బరువు, నొప్పి. పొద్దున పెద్దగా ఉండదు, ఆఫీసులో కూర్చుంటే సాయంత్రానికి పెరుగుతుంది. రోజుకు పదిసార్లు నొక్కి చూసుకుంటున్నాను, ఒక్కోసారి నీళ్లలాంటి చుక్క వస్తోంది. యూరిన్ కల్చర్ నార్మల్ వచ్చింది. మెడికల్ షాపులో అడిగి సిప్రోఫ్లాక్సాసిన్, తర్వాత డాక్సీసైక్లిన్ (కడుపులో మంట వచ్చి నాలుగు రోజులకే ఆపేశాను), తర్వాత లీవోఫ్లాక్సాసిన్ వాడాను. ఆఖరి మాత్ర వేసుకుని పది రోజులైంది. మూడు వారాలప్పుడు చేయించిన హెచ్‌ఐవీ టెస్ట్ నెగెటివ్. మూడో నెల రాగానే భార్యను, పాపను తీసుకురావాలి. ఆమె వెళ్లాక మేం కలవలేదు. పాపను ఎత్తుకోవాలన్నా భయంగా ఉంది. నిద్ర లేదు. ఇంకా ఏ మందు వాడాలి?

జవాబు: ప్రస్తుతానికి ఏ యాంటీబయాటిక్ వద్దు. ముందు ఒక పరీక్ష చేయించుకోవాలి. అది మీరు చేయించుకున్న యూరిన్ కల్చర్ కాదు. పాపను ఈరోజే ఎత్తుకోవచ్చు, ముద్దు చేయొచ్చు, మీ దగ్గర పడుకోబెట్టుకోవచ్చు. ఈ జబ్బులు ఒడిలోకి తీసుకుంటే అంటవు. మామూలుగా చేతులు కడుక్కుంటే చాలు.

ఇక అసలు సంగతికి వద్దాం. కలిసిన నాలుగో రోజుకి పచ్చటి చీము, అంత మంట అన్నారంటే అది చాలావరకు గనేరియా అయి ఉంటుంది. మన పెద్దలు సెగ అనేది దీన్నే. సాధారణంగా రెండు నుంచి ఐదు రోజుల్లో బయటపడుతుంది. ఇంజెక్షన్ పడిన రెండు రోజులకు చీము ఆగిందంటే ఆ మందు దాని పని అది చేసింది. నిజానికి ఈ కథలో మీకు బాగా పనిచేసింది ఆ మొదటి వైద్యమే. ఆ తర్వాత షాపులో అడిగి వాడినవేవీ మీకు మేలు చేయలేదు. మన దేశంలో గనేరియా క్రిమి సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగడం ఎప్పుడో మానేసింది.

మరి ఏడు వారాలైనా ఈ చురుకు ఏమిటి? రెండు దారుల్లో ఆలోచించాలి. మూత్రనాళంలో ఇంకా ఏదో క్రిమి మిగిలి ఉండొచ్చు. లేదా క్రిమి పోయినా అది మిగిల్చిన వాపు, బిగుసుకున్న కండరాలు, కంగారుపడిన నరాలు బాధపెడుతూ ఉండొచ్చు. మీకు రెండూ ఒకేలా అనిపిస్తాయి. ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా మీ మాటలు విని ఇది ఫలానా అని చెప్పలేడు. అందుకే మంట ఉందని మాత్రమే మళ్లీ యాంటీబయాటిక్ ఇవ్వకూడదు. లోపల వాపు ఉందని కంటితోనో మైక్రోస్కోపుతోనో చూశాకే ఇవ్వాలి. చాలా దేశాల్లో వైద్యులు పాటించే పద్ధతి ఇదే.

మీరు చేయించిన కల్చర్ ఎందుకు సరిపోదో చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే మోసపోతారు. కల్చర్‌కు ఇచ్చేటప్పుడు మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టమంటారు. మూత్రాశయంలో ఇన్ఫెక్షన్ ఉందా అని చూడటానికి అదే సరైన పద్ధతి. కానీ మీ సమస్య ఉన్నది మూత్రం బయటికి వచ్చే గొట్టంలో. అక్కడి చీము కణాలన్నీ ఆ మొదటి ధారలోనే కొట్టుకుపోతాయి, దాన్నేమో మనం పారబోస్తాం. పైగా క్లమీడియా, మైకోప్లాస్మా లాంటి క్రిములు ల్యాబులో చేసే మామూలు కల్చర్‌లో పెరగవు. కాబట్టి నార్మల్ అన్న ఆ కాగితం మీకు ధైర్యమూ ఇవ్వలేదు, జబ్బు ఉందనీ చెప్పలేదు.

మీకు కావలసింది మొదటి ధార మూత్రం, లేదా మూత్రనాళం చివర నుంచి సన్నటి దూదిపుల్లతో తీసే స్మియర్. దానికి ముందు కనీసం రెండు గంటలు, వీలైతే ఇంకా ఎక్కువసేపు మూత్రానికి వెళ్లకుండా ఉండాలి. స్మియర్‌కు రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. చీము కణాలు ఉన్నాయంటే వాపు నిజంగానే ఉన్నట్టు, గనేరియా క్రిమి ఉంటే అదీ చాలావరకు కనబడిపోతుంది. ఖర్చు తక్కువ, అరగంట పని. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో చర్మ, సుఖవ్యాధుల విభాగంలో దీన్ని ఏళ్లుగా చేస్తున్నారు.

స్మియర్‌లో చీము కణాలు కనబడితే అప్పుడు క్రిమి ఏదో పట్టుకోవాలి. దానికి క్రిమి జన్యుపదార్థాన్ని వెతికి పట్టుకునే పీసీఆర్ పరీక్ష ఉంది. క్లమీడియా, గనేరియా, మైకోప్లాస్మా జెనిటాలియం, ట్రైకోమోనాస్ నాలుగూ ఒకే శాంపిల్‌లో చూసే ప్యానెళ్లు పెద్ద ల్యాబుల్లో దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త: మందు వేసిన కొత్తలో చచ్చిన క్రిముల ముక్కలు కూడా పీసీఆర్‌లో పాజిటివ్ చూపిస్తాయి. అందుకని స్మియర్ శుభ్రంగా ఉండి, అయినా మనశ్శాంతి కోసం పీసీఆర్ చేయించుకోవాలనుకుంటే, ఆఖరి మాత్ర తర్వాత నాలుగు వారాలు నిండనివ్వండి. మీకు పది రోజులే అయింది. ఈలోగా ఇంకో మాత్ర వేసుకున్నారో, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

పైన చెప్పిన నాలుగింటిలో మైకోప్లాస్మా జెనిటాలియం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మగవారిలో వైద్యం తర్వాత కూడా వాపు తగ్గకుండా ఉంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఇలాంటి కేసుల్లో సుమారు 40 శాతం దీనివల్లే అని లెక్క. 1980ల మొదట్లో లండన్‌లో మూత్రనాళం వాపుతో వచ్చిన ఇద్దరు మగవారిలో దీన్ని తొలిసారి కనుక్కున్నారు. పెంచడం కష్టం, చాలా నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే పీసీఆర్ వచ్చేదాకా దీని సంగతి పెద్దగా తెలియలేదు. దీనికి కణకవచం ఉండదు. పెన్సిలిన్, సెఫిక్సిమ్, మీకిచ్చిన ఇంజెక్షన్ లాంటి మందులు ఆ కవచం కట్టుకోకుండా అడ్డుపడి క్రిమిని చంపుతాయి. కవచమే లేని దాన్ని అవేం చేస్తాయి? ఇక అజిత్రోమైసిన్ ఒక్క డోసు వేస్తే కొందరిలో పోతుంది, చాలామందిలో మందుకు లొంగని రకం మిగులుతుంది.

మన సర్కారు దవాఖానాల్లో చీముతో వచ్చే మగవారికి ఏళ్లుగా ఇస్తున్న బూడిదరంగు కిట్‌లో ఉండేది అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు. పరీక్షల కోసం ఆగకుండా, వచ్చిన రోజే వైద్యం అందించడానికి పెట్టిన పద్ధతి అది. దానివల్ల లక్షలమందికి మేలు జరిగింది. కానీ ఆ రెండు మందులూ వాడాక కూడా వాపు మిగిలితే, మళ్లీ అవే మందులు వేయడంలో అర్థం లేదు. మైకోప్లాస్మా అని తేలితే ఇప్పుడు పాటిస్తున్న క్రమం ఇది: ముందు డాక్సీసైక్లిన్ ఏడు రోజులు, వెంటనే మాక్సిఫ్లాక్సాసిన్ ఏడు రోజులు. ఈ పేర్లు చదివి మెడికల్ షాపుకు పరిగెత్తవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. రెండోది ఆఖరి అస్త్రం లాంటిది. దాన్ని అనుమానం మీద వాడి పాడుచేసుకుంటే తర్వాత వేయడానికి పెద్దగా ఏమీ మిగలదు.

డాక్సీసైక్లిన్ మీకు పడలేదన్నారు. చాలామందికి పడకపోవడానికి కారణం వేసుకునే పద్ధతే. భోజనం చేసి, నిండు గ్లాసు నీళ్లతో, కూర్చుని వేసుకోవాలి. అరగంటైనా పడుకోకూడదు. పాలు, గ్యాస్ మందులు, ఐరన్ మాత్రలు దానికి దగ్గరలో వేసుకుంటే అది ఒంటికి సరిగ్గా పట్టదు. ఎండలో ఎక్కువ తిరిగితే చర్మం కమిలిపోతుంది. క్లమీడియాకు ఏడు రోజుల డాక్సీసైక్లిన్ బాగా పనిచేస్తుంది, నాలుగు రోజులకు ఆపేస్తే నమ్మడానికి లేదు. గనేరియా వచ్చినవారిలో చాలామందికి క్లమీడియా కూడా తోడుగా ఉంటుంది కాబట్టి, పరీక్షలో అది చూడటం మరచిపోకండి. మీకు అజిత్రోమైసిన్ కూడా పడింది కనుక అది మిగిలి ఉండే అవకాశం తక్కువే.

ఇప్పుడు రెండో దారి. మీ ఉత్తరం చదివినప్పటి నుంచి నా మనసు ఇటువైపే మొగ్గుతోంది, పరీక్ష కాకుండా ఖాయం చేయను. పొద్దున లేవగానే ఉండదు, ఆఫీసులో కూర్చుంటే పెరుగుతుంది అన్నారు చూడండి, ఆ ఒక్క మాట నాకు చాలా చెప్పింది. క్రిమికి ఆఫీసు టైము తెలియదు. బీజాలకూ మలద్వారానికీ మధ్య ఒక కండరాల తెర ఉంటుంది. మూత్రాన్ని ఆపేది, వదిలేది, వీర్యాన్ని బయటికి నెట్టేది అదే. మంటతో కొన్ని రోజులు బాధపడినవాళ్లు తెలియకుండానే దాన్ని బిగబట్టుకుంటారు. భయం పడినప్పుడు భుజాలు బిగుసుకున్నట్టే ఇదీ బిగుసుకుంటుంది. వారాల తరబడి బిగుసుకున్న కండరం నొప్పి పెడుతుంది. ఆ నొప్పి అక్కడే ఆగదు, అంగం చివరకు, బీజాలకు, గజ్జల్లోకి పాకుతుంది. ఏ గాయమూ లేకపోయినా చివర చురుకుమనడానికి ఇది చాలు. మూడు నెలలు దాటినా ఇలాగే ఉంటే దీన్ని దీర్ఘకాలిక కటి నొప్పి అంటారు. ప్రోస్టేట్ వాపు అని పేరు పెట్టి నెలల తరబడి యాంటీబయాటిక్స్ మింగించే కేసుల్లో చాలావాటికి క్రిమితో సంబంధమే ఉండదు.

దీనికి చేయాల్సినవి చిన్నచిన్న పనులే, కానీ రోజూ చేయాలి. రాత్రి పూట వెడల్పాటి టబ్బులో నడుము దాకా గోరువెచ్చని నీళ్లు పోసుకుని పది పదిహేను నిమిషాలు కూర్చోండి. తర్వాత పడుకుని మోకాళ్లు మడిచి, కడుపు పైకి లేచేలా నిదానంగా ఊపిరి పీల్చి, వదిలేటప్పుడు కింది భాగాన్ని పూర్తిగా వదులు చేయండి. ఆఫీసులో గంటకోసారి లేచి నడవండి. బైకు మీద దూరప్రయాణాలు కొన్ని వారాలు తగ్గించండి. యూట్యూబ్‌లో చూసి కటి కండరాలను బిగించే వ్యాయామాలు మాత్రం చేయకండి. బిగుసుకున్న దాన్నే ఇంకా బిగించినట్టవుతుంది. నెల రోజులకూ తేడా కనబడకపోతే ఫిజియోథెరపీ ఉంది, నరాల నొప్పికి మందులు ఉన్నాయి, మీ డాక్టర్ చూసి రాస్తారు.

అన్నిటికన్నా ముందు ఆపాల్సింది ఆ నొక్కి చూసుకోవడం. మూత్రనాళం లోపలి పొర మన కంటిరెప్ప లోపలి పొరంత సున్నితం. కన్నును రోజుకు పదిసార్లు నలిపితే ఎర్రబడదా, నీరు కారదా? ఆరోగ్యంగా ఉన్న మగవాడు గట్టిగా నొక్కినా ఒక చుక్క జిగురు రావడం మామూలే. కోరిక కలిగినప్పుడు వచ్చే నీళ్లలాంటి ద్రవం కూడా సహజమే. చీము వేరు: అది తెల్లగానో పచ్చగానో ఉంటుంది, నొక్కకుండానే లోదుస్తులకు అంటి ఎండి మరక కడుతుంది. పొద్దున ఒక్కసారి తెల్లటి లోదుస్తు చూసుకోండి, అంతటితో వదిలేయండి. యాంటీసెప్టిక్ ద్రవాలతో కడగడం కూడా మానేయండి, మామూలు నీళ్లు చాలు.

ఆ చుక్కను చూసి ధాతువు పోతోందని హడలిపోయేవాళ్లను చాలామందిని చూశాను. ఈ భయం మన దేశంలో ఎంత పాతదంటే, మానసిక వైద్యులు ఎన్.ఎన్. విగ్ 1960లో దానికి ధాత్ సిండ్రోమ్ అని పేరే పెట్టారు. బస్టాండ్ గోడల మీద, కరెంటు స్తంభాల మీద సుఖవ్యాధులు, నరాల బలహీనత అని బోర్డులు పెట్టేవాళ్లు బతికేది ఈ భయం మీదే. ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో ఉంటామని చెప్పి, ఏం కలిపారో తెలియని పొడులు వేలకు వేలు తీసుకుని అంటగడతారు. అటు వెళ్లకండి. నాకు దీని మీద కోపం ఉంది, దాచుకోను. వాళ్ల దగ్గర ఆరు నెలలు పోగొట్టుకుని, అప్పు చేసి, చివరికి మా దగ్గరికి వచ్చే కుర్రాళ్ల మొహాలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఒకవేళ అంగం తోలు కింద ఎర్రగా, దురదగా, పెరుగులాంటి తెల్లటి పొర కనబడితే అది ఫంగస్ కావచ్చు. వరుసగా యాంటీబయాటిక్స్ వాడినవారికి వస్తుంటుంది, షుగర్ ఉన్నవారికి మరీ ఎక్కువ. ఆ పనిలో పనిగా షుగర్ కూడా చూపించుకోండి. లీవోఫ్లాక్సాసిన్ వాడాక మడమ వెనక ఉండే స్నాయువులో (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులో) నొప్పి వస్తోంటే అదీ డాక్టర్‌కు చెప్పండి, ఆ జాతి మందులతో అలా జరగొచ్చు.

కొన్నిటికి మాత్రం ఆగకూడదు. ఒక బీజం ఉన్నట్టుండి తీవ్రంగా నొప్పి పుట్టి పైకి లాగేసినట్టయితే అది మెలిపడి ఉండొచ్చు. ఆరు గంటల్లోపు ఆపరేషన్ అయితేనే దక్కించుకునే అవకాశం బాగుంటుంది, అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. బీజం మెల్లగా వాచి జ్వరం వచ్చినా, మూత్రం బిగుసుకుపోయినా అదే రోజు చూపించుకోవాలి. మోకాలు, చీలమండ వాచి కళ్లు ఎర్రబడితే అది వేరే కండ్లకలక అనుకోకండి. క్లమీడియా తర్వాత కొందరికి కీళ్లవాపు ఇలాగే వస్తుంది. చీము మళ్లీ మొదలైనా, పుండు లేచినా, గజ్జల్లో బిళ్లలు కట్టినా అంతే.

మీ భార్య విషయం. ఆమె వెళ్లాక జరిగింది, ఆ తర్వాత మీరు కలవలేదు. కాబట్టి మీ నుంచి ఆమెకు ఏదీ అంటలేదు, బిడ్డకు అసలే లేదు. ఆ నిశ్చింత నిలబడేది మీ ఓపిక మీదే. స్మియర్ చూపించుకుని, క్రిమి తేలితే దాని వైద్యం పూర్తయి, తిరిగి చేసిన పరీక్ష కూడా శుభ్రమయ్యేదాకా దూరంగా ఉండండి. ఆపైన కూడా మూడు నెలల హెచ్‌ఐవీ, సిఫిలిస్ ఫలితాలు చేతికొచ్చేవరకు కండోమ్ తప్పనిసరి. మూడు వారాల్లో చేసిన హెచ్‌ఐవీ పరీక్ష తొందరపడి చేసింది, దాని మీద ఆధారపడలేం. కలిసిన రోజు నుంచి 12 వారాలు నిండాక మళ్లీ చేయించుకోండి. దానితోపాటు వీడీఆర్ఎల్ (సిఫిలిస్ పరీక్ష), హెపటైటిస్ బీ కూడా.

ఆమెకు చెప్పాలా వద్దా అన్నది మీరు నేరుగా అడగలేదు, కానీ ఉత్తరమంతా అదే ఉంది. నా అభిప్రాయం ఇది. ఆమెకు జబ్బు అంటే అవకాశం ఉన్నప్పుడు దాచడానికి మీకు హక్కు లేదు, అప్పుడు చెప్పి తీరాలి, ఆమెకూ వైద్యం చేయించాలి. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. కాబట్టి చెప్పడం ఎప్పుడు, ఎలా అన్నది మీ ఇద్దరి కాపురానికి సంబంధించినది, డాక్టర్‌గా నేను తీర్పు ఇవ్వను. పచ్చి బాలింత, రాత్రుళ్లు నిద్రలేని తల్లి అన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఇంకొక మనిషి కూడా ఉంది. మీరు కలిసిన ఆమెకు తన ఒంట్లో జబ్బు ఉన్నట్టే తెలియకపోవచ్చు. ఆడవారిలో చాలామందికి ఏ లక్షణమూ కనబడదు, లోలోపల గర్భసంచి గొట్టాలు మూసుకుపోయేదాకా తెలియదు. ఆమె ఫోన్ నంబరు ఉంటే ఒక్క మాట చెప్పండి, చూపించుకోమని. తిట్టడానికి కాదు.

ఎక్కడికి వెళ్లాలి? జిల్లా ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ పేరుతో సుఖవ్యాధులకు ప్రత్యేకంగా ఓపీ ఉంటుంది. వైద్యం, సలహా ఉచితం. హెచ్‌ఐవీ పరీక్ష ఐసీటీసీ అనే సలహా, పరీక్షల కేంద్రంలో ఉచితంగా, గుట్టుగా చేస్తారు. మీ అనుమతి లేకుండా ఆ ఫలితాన్ని సాధారణంగా ఎవరికీ చెప్పకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. దగ్గరలో ఏది ఉందో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి, డబ్బు పడదు. ఓపీ చీటీ రాసే చోట అందరి ముందూ కథ చెప్పాల్సిన పని లేదు, చర్మవ్యాధుల ఓపీ అంటే చాలు. లోపల డాక్టర్‌కు మాత్రం ఏదీ దాచకండి. ఏ తేదీన కలిశారు, ఏ మందు ఎన్ని రోజులు వాడారు, ఎప్పుడు ఆపారు, అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఖాళీ స్ట్రిప్పులు ఉంటే అవీ పట్టుకెళ్లండి. పొద్దున్నే లేచి మూత్రానికి వెళ్లకుండా, నీళ్లు ఎక్కువ తాగకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. స్మియర్ తీశాక వెళ్లొచ్చు.